దూలం తల గోడలో ఉంటుంది

రోహిణి కార్తె మొదలైన మూడో రోజు, మంగళవారం, పొద్దున పది గంటల ఐదు నిమిషాలు. బస్సు దిగి అర మైలు ఎండలో నడిచి తిరుపతయ్య ఇంటికి చేరాను. వసారాలో గోడ గడియారం చూసుకునే లోపలికి అడుగుపెట్టాను, అందుకే నిమిషాలతో సహా గుర్తుంది.

మిద్దె మీద ఏడుగురు మనుషులు ఉన్నారు. సోలార్ ప్లేట్ల కాళ్లు ఎగిరిపోకుండా పెట్టే సిమెంటు దిమ్మెలు అప్పటికే చాలావరకు పైకి ఎక్కించారు. మిద్దె కింద, నడిమి దూలానికి కట్టిన ఉయ్యాలలో నెలా పది రోజుల పసిబిడ్డ నిద్రపోతోంది.

ఆ మిద్దె గట్టిగా ఉందని రెండు వారాల కిందట చెప్పింది నేను.

ఎందుకు రాస్తున్నాను

నేను తాపీ మేస్త్రిని. నలభై ఏళ్లకు పైగా మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల పని చేశాను. అందులో సగం పాత మట్టి మిద్దెలు బాగుచేయడమే. నా పనిలో ప్రమోషన్లు లేవు. కూలి, మేస్త్రి, ముసలి మేస్త్రి, అంతే. చదువుకోలేదు. యాభై దాటినాక మనవరాలు పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. పలకలు తయారయ్యే ఊళ్లో పుట్టి, పలక పట్టడానికి అన్నేళ్లు పట్టింది నాకు.

ఇప్పుడు ఇళ్లకు సోలార్ పెట్టడానికి, ఏసీలు బిగించడానికి, పైన తెల్ల కూలింగ్ పెయింట్ వేయడానికి కొత్త పిల్లలు వస్తున్నారు. మంచి పని. ఎండాకాలంలో మా వైపు ఇల్లంటే పొయ్యి. కరెంటు బిల్లు తగ్గి, మనిషి కాస్త చల్లగా పడుకుంటే అంతకంటే ఏం కావాలి? కానీ ఈ పిల్లలు కొత్త స్లాబులు చూసి పని నేర్చుకున్నారు. పాత మిద్దె ఎక్కినప్పుడు రెండు రకాల తప్పులు చేస్తారు. కొందరు ఏమీ చూడరు. కొందరు అంతా చూడాలంటారు. ఆ రెండూ నేను చేశాను.

ముందు మిద్దె అంటే ఏమిటో చెప్పాలి. గోడ మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా సన్న వాసాలు, వాటి మీద పలకరాయి బండలు, ఆ పైన చవుడు మట్టి. వానాకాలం రాబోతుందంటే గంపలతో కొత్త చవుడు తెచ్చి పైన చల్లుతారు. అది నీళ్లు తాగి గట్టిపడి కింద ఒక్క బొట్టు పడనివ్వదు. గది నడుమ కప్పులో ఒక కంత వదులుతారు, పొగ పోవడానికి, వెలుతురు రావడానికి. దాన్ని గవాచి అంటాం. వాన నీళ్లు లోపలికి జారకుండా గవాచి చుట్టూ రాళ్లతో కట్ట కడతారు.

ఇక్కడే మావాళ్ల తప్పు ఉంది. చవుడు పైకి ఎక్కిస్తారుగానీ పాతది దించరు. కప్పు మీది మన్ను దించితే ఇంటి సిరి దిగిపోతుందని కొందరి నమ్మకం. ఏటా రెండు వేళ్ల మందం పెరుగుతుంది. మన్ను గవాచి కట్టను మింగేటప్పటికి దాని మీద ఇంకో వరస రాళ్లు పేరుస్తారు. పైనుంచి చూస్తే ఆఖరి వరస ఒక్కటే కనబడుతుంది. కింద నిలబడి గవాచిలోకి తల ఎత్తి చూస్తే అన్ని వరసలూ కనబడతాయి. వరసలు లెక్కపెడితే నీ నెత్తిన ఎంత బరువు ఉందో తెలిసిపోతుంది. మిషను అక్కరలేదు. మెడ నొప్పి పుడుతుంది, అంతే ఖర్చు.

దస్తగిరి

నాకు పని నేర్పినవాడు దస్తగిరి మేస్త్రి. బీడీ ఆరిపోయినా నోట్లోంచి తీసేవాడు కాదు. మాట సగం బీడీ నమిలేది. మొదటిసారి నన్ను ఒక దూలం చూసి రమ్మన్నాడు. నేను నడుమ సుత్తితో కొట్టాను, గంటలాగా మోగింది. బాగుందని వచ్చి చెప్పాను.

"యాడ కొట్టినావు?"

"నడుమ."

"నడుమ ఎవడికైనా మోగుతది రా. దూలం నడుమ నిన్ను చూసి నవ్వుతది. తల గోడలో దాచిపెట్టుకొని ఏడుస్తది. పోయి తల చూసి రా."

గోడలో దూరిన కొనకు గాలి తగలదు. వాన తడి గోడ వెంట దిగి అక్కడే నిలుస్తుంది. చెద ముందు అక్కడికే చేరుతుంది. జానెడు మేకు ఒకటి సంచిలో పెట్టుకుని, దూలం గోడలో దూరే చోట గుచ్చి చూడాలి. మేకు వంగితే దూలం బతికి ఉన్నట్టు. దిగితే లేనట్టు. ఆ మేకు నా సంచిలో ఇప్పటికీ ఉంది. సంచిలో ఉంటే చాలదు, తీసి గుచ్చాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఎక్కువ చూసిన తప్పు

గిద్దలూరులో ఒక పంతులమ్మ ఇల్లు. ఆమెది చిన్న కోరిక. పైన తెల్ల సున్నం కొట్టించుకుంటే గది చల్లబడుతుందని ఎవరో చెప్పారు, కొట్టమంది. నాకప్పుడు చేతి నిండా పని, నోటి నిండా గర్వం. "ఊరికే సున్నం కొడితే ఎట్లమ్మా, లోపల ఏముందో చూడొద్దా?" అన్నాను. మన్ను మొత్తం ఎత్తించాను. బండలు లేపించాను. ప్రతి దూలాన్నీ చూశాను. ఒక్కదానికీ చెద లేదు, చిన్న మచ్చ లేదు. ఇంత బాగున్న మిద్దె నేను చూడలేదని ఆమెతో చెప్పి, తెల్లారి మన్ను తిరిగి వేద్దామని ఇంటికి పోయాను.

ఆ సాయంత్రమే వాన. కార్తె కాని కార్తెలో వాన. కప్పు లేని మట్టి గోడలు ఎంత తాగాయో తాగాయి. లోపలి గోడ ఒకటి పొట్ట ఉబ్బి పడిపోయింది. పంతులమ్మ నన్ను ఒక్క మాట తిట్టలేదు. తడిసిన పిల్లల నోటు పుస్తకాలు ఎండలో పరుస్తూ, "మేస్త్రీ, జ్వరం చూడమంటే పొట్ట కోసినావు గదయ్యా" అంది. ఆ గోడ నా చేత్తో ఊరికే కట్టిచ్చాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకని పిల్లలకు చెప్పేది ఇది. ఇంటిని ఎంత పరీక్ష చేయాలన్నది ఇల్లు ఎంత పాతది అన్నదాన్ని బట్టి కాదు. నువ్వు ఆ ఇంటికి ఏం చేయబోతున్నావో దాన్ని బట్టి. సున్నం కొడితే ఇంటికి కొత్తగా బరువూ పడదు, గాలీ ఆగదు. ఒకసారి చుట్టూ తిరిగి చూడు, సున్నం కొట్టు, ఇంటికి పో. బరువు ఎక్కిస్తున్నావా, గవాచి వరసలు, దూలం తలలు చూడకుండా ఒక్క ఇటుక పైకి పంపొద్దు. గాలి మూస్తున్నావా, ముందు వంటింట్లోకి పో.

వంటిల్లు ఎందుకంటే, కొమరోలు వైపు ఒక ఇంట్లో ఏసీ పెట్టినప్పుడు కంతలన్నీ మూసేశారు. చల్లదనం బయటికి పోకూడదు కదా. వంట మాత్రం పక్కనే కట్టెల పొయ్యి మీద, మధ్యలో తలుపు లేదు. వారం రోజులు ఇంటిల్లిపాదికీ తలనొప్పి, వాంతులు. దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టారు. నేను పోయి గవాచి తెరిచాను, పొయ్యి పొగ బయటికి పోయింది, జబ్బు తగ్గింది. గుమ్మడికాయ పేరే నిలబడింది, పోనీ.

తక్కువ చూసిన తప్పు

ఇంత తెలిసినవాణ్ణి తిరుపతయ్య ఇంట్లో ఏం చేశానో చెబుతాను.

తిరుపతయ్యకు గొర్రెలు ఉన్నాయి, కాస్త మెట్ట సేద్యం ఉంది. పెద్దారవీడు పక్కన పల్లె. కోడలు సుబ్బులుకు బిడ్డ నెల తక్కువగా పుట్టింది. గుప్పెడంత ఉంది. వేడికి ఈ బిడ్డ తట్టుకోలేదు, చల్లగా ఉంచమని మార్కాపురంలో డాక్టరమ్మ చెప్పింది. ఏసీ కొన్నారు. ఏసీ తిరిగితే బిల్లు ఎట్లా కట్టేదని సోలార్ ప్లేట్లకు రాయించుకున్నారు. ఆ కంపెనీ మనిషి ప్రసాద్, నెమ్మదైన పిల్లవాడు, "పాత మిద్దె గదా, ఎవరైనా మేస్త్రిని చూడమనండి" అన్నాడట. తిరుపతయ్య నాకు ఫోను చేశాడు.

పోయాను. మిట్ట మధ్యాహ్నం. బిడ్డ ఒంటి నిండా చెమటకాయలు, గుక్క పెట్టి ఏడుస్తోంది. సుబ్బులు విసనకర్రతో విసురుతూ కూర్చుంది. నాకు ఆ బిడ్డ కనబడింది, మిద్దె కనబడలేదు. నడుమ రెండు దెబ్బలు కొట్టాను, మోగింది. గవాచిలోకి చూశాను, ఎండ కళ్లలో పడింది, వరసలు లెక్కపెట్టలేదు. మేకు సంచిలోనే ఉంది. పావుగంటలో "ఏం భయం లేదు, పెట్టించుకో" అని చెప్పాను. పైగా చల్లదనం పోకుండా గవాచి మీద బండ వేయించి, కింద సిమెంటు పూయించాను. అంటే చూడాల్సిన దాన్ని నేనే మూసేశాను.

జాలి మంచిదే. కానీ పరీక్ష చేసేటప్పుడు జాలి గబగబా చేయిస్తుంది. ఆ బిడ్డ మీద జాలి ఉంటే నేను ఇంకో గంట ఉండి ఉండాలి.

సోమవారం సాయంత్రం మార్కాపురం బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను. ఎదురుగా ప్లేట్ల వ్యాను ఆగింది. నేను ప్లేట్లంటే అద్దం ముక్కల్లాగా తేలిగ్గా ఉంటాయనుకున్నాను. వ్యాను నిండా సిమెంటు దిమ్మెలు. "ఇవెక్కడికయ్యా?" అని డ్రైవర్ని అడిగితే తిరుపతయ్య ఊరి పేరు చెప్పాడు. టీ గ్లాసు అక్కడే పెట్టేశాను. గవాచిలో వరసలు మూడా, నాలుగా? గుర్తు చేసుకుంటే ఎండ తప్ప ఏమీ గుర్తు రాలేదు. తిరుపతయ్యకు ఫోను చేశాను. కొండ కింద మందతో ఉన్నాడు, కలవలేదు. తెల్లారి బస్సెక్కాను.

ఆ మంగళవారం

లోపల సుబ్బులు ఉయ్యాల మీద చీర కప్పుతోంది.

"అమ్మా, పొద్దున ఊడిస్తే ఏం పడింది?" అన్నాను. పాత ఇంటి జబ్బు ఇంజనీరు కంటే ముందు చీపురు పట్టినవాళ్లకు తెలుస్తుంది. ఈ ప్రశ్న కూడా మొన్న అడగలేదు.

"మన్ను పడతంది పెద్దనాయనా. రోజూ పిడికెడు పడేది, ఈ పొద్దు వాళ్లు పైకెక్కినాక చేటెడు పడింది. బిడ్డ కండ్లలో పడతదని కోక కప్పినా."

"యాడ పడతంది?"

"అదో, ఆ తూర్పు గోడ వార. ఉయ్యాల దూలం గోడలో దూరేకాడ."

స్టూలు ఎక్కాను. మేకు తీశాను. గుచ్చాను. మగ్గిన సపోటాలో దిగినట్టు మొత్తం దిగిపోయింది. సుత్తి కూడా అక్కరలేదు, బొటనవేలితోనే.

"బిడ్డను ఎత్తుకో సుబ్బులూ. మీ అత్తను పిలుచుకొని వేపచెట్టు కిందికి పో."

"ఇప్పుడే నిద్రపోయింది పెద్దనాయనా, కదిలిస్తే..."

"నిద్రలోనే ఎత్తుకో. ఉరకబాకు. నడిచి పో."

ఆమె నా ముఖం చూసి, బిడ్డను చీరతో సహా ఎత్తుకుని బయటికి నడిచింది.

నేను బయట నిచ్చెన ఎక్కి తల మాత్రం పైకి పెట్టాను. వాళ్లు నడిమిలో గుమిగూడి ఒక దిమ్మెను జరుపుతున్నారు. అరిస్తే ఉలిక్కిపడి ఎవడైనా దూకుతాడని మామూలుగా పిలిచాను.

"శ్రీనూ, ఆ దిమ్మె అట్లే వదిలేయండి. అందరూ గోడ వారకు రాండి. నడుమ నడవొద్దు."

శ్రీను తిరుపతయ్య కొడుకు, ఆ బిడ్డ తండ్రి. "ఏంది పెద్దనాయనా, పొద్దున్నే ఊడిపడినావు? ఎండకు తల తిరిగిందా ఏంది?"

"నా తల బాగుంది. దూలం తలే బాగలేదు. లావుగా ఉన్నోళ్లు ముందు దిగండి."

అందరూ బాలయ్య వైపు చూశారు. "నేనేం లావు? తిన్నది తిన్నట్టు పనిలోనే పోతంది" అంటూ బాలయ్య మొట్టమొదట దిగాడు. గోడ మీదుగా ఒక్కొక్కరే, పిల్లి నడకలో. పక్కింటి గురవయ్య, పనేమీ లేకపోయినా చూడటానికి ఎక్కినవాడు, అందరికంటే ఎక్కువ వణికాడు.

ఆఖరున ప్రసాద్. అతను దిగలేదు. చేతిలో కాగితం ఉంది. "తాతా, బాగుందని చెప్పింది మీరే గదా. చూడండి, మీ పేరే రాసుకున్నాం."

చదివాను. కప్పు పరీక్షించడమైనది, బరువుకు తగినట్టు ఉన్నది. కింద నా పేరు. అచ్చులో నా పేరు చూసుకోవడం అదే మొదటిసారి. చదువు రాని రోజుల్లో అయితే వేలిముద్ర వేసి మర్చిపోయేవాణ్ణి.

"చెప్పినా నాయనా. తప్పు చెప్పినా. దిగు."

దిగాడు.

అప్పటికి తిరుపతయ్య మందను తోలుకుని వచ్చాడు. సంగతి విని భుజం మీది కంబళి నేలకేసి కొట్టాడు.

"నువ్వే గదన్నా బాగుందన్నది! ఇప్పుడు వీళ్లు పోతే వానలు అయ్యేదాకా మళ్లా రారంట. ఈ రోహిణిలో బిడ్డను ఏం చేసుకోమంటావు? ఉడకబెట్టమంటావా?"

అతని మాటలో తప్పు లేదు. మిద్దె కింద ఉంచితే ఒక భయం, చల్లదనం లేకపోతే ఇంకో భయం. రెండూ ఆ గుప్పెడు బిడ్డ మీదే.

ప్రసాద్ మంచికే చెప్పాడు. ఒంగోలు నుంచి ఇంజనీరును పిలిపించి మన్నంతా ఎత్తించి రిపోర్టు తీసుకుంటే మంచిదని, మూడు వారాలు పడుతుందని. నాకు గిద్దలూరు పంతులమ్మ ఎండబెట్టిన నోటు పుస్తకాలు గుర్తొచ్చాయి. వానలు ఎంతో దూరం లేవు.

"అంతా ఎత్తొద్దు. చీకటి పడేలోగా నేను చెబుతా. గవాచి ఒకటి తెరుస్తా, దూలం తలల దగ్గర చెయ్యి పట్టేంత కంత పెడతా. అంతకంటే వద్దు."

ముందు సరుగుడు కట్టెలు తెచ్చి చెడ్డ దూలం కింద ఊతంగా నిలబెట్టి పోటు పెట్టాం. పోటు పెట్టకుండా పరీక్షకు దిగినవాడు మేస్త్రి కాదు. తర్వాత నేను పూయించిన సిమెంటును నేనే పగలగొట్టాను. బండ జరిపితే వెలుతురు పడింది. ఐదు వరసలు.

తిరుపతయ్య భార్య రవణమ్మ గడప దగ్గర నిలబడి పైకి చూసింది. ఆమెకు ఒక్కో వరసా తెలుసు.

"అడుగుది ఇల్లు కట్టినప్పటిది. దాని మీదది మా అత్త కాపురానికొచ్చినాక. ఆ ఎర్రరాళ్లు మా మామ పేర్చినాడు. నాలుగోది శ్రీనుగాడు పుట్టిన ఏడు, నేనే రాళ్లు అందిచ్చినా. పైది మొన్నటిది."

"ఇన్నేళ్లలో ఒక్క గంపైనా దించినారా అమ్మా?"

"దించితే సిరి దిగిపోతదంటారు గదా."

"సిరి వేపచెట్టు కింద నిద్రపోతంది. మిద్దె మీద గాదు."

ఆమె కొంగు బిగించింది. గంప తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి గంప ఆమే దించింది.

ఏడు దూలాలు. పద్నాలుగు తలలు. ఒక్కొక్క చోట మేకు గుచ్చాను. పన్నెండు చోట్ల మేకు వంగింది. ఒకటి మెత్తబడుతోంది. ఒకటి, ఉయ్యాల కట్టిన దూలానిది, తూర్పు గోడలోది, లేదు. అంతే జబ్బు. ఇల్లంతా విప్పి ఉంటే ఇల్లు పోయేది. ఏమీ విప్పకపోతే ఏం పోయేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

సాయంత్రానికి చెప్పాను. మన్ను రెండు వరసల మట్టానికి దించాలి. మెత్తబడుతున్న తల కింద రాతి స్తంభం పెట్టాలి. చెడ్డ దూలం ఒక్కటి మార్చాలి. పైన తెల్ల సున్నం కొట్టాలి. గవాచి మూయొద్దు. ఈ గది పక్కనే కట్టెల పొయ్యి ఉంది, అది ఉన్నన్నాళ్లు ఇక్కడ ఏసీ వద్దు, వెనక స్లాబు గది ఒకటి ఉంది గదా, అందులో బిగించుకోండి, చిన్నదైనా దానికి తలుపు ఉంది.

"మరి ప్లేట్లు?" అన్నాడు ప్రసాద్. "ఇంటి మీద పెట్టకపోతే ఇంకెక్కడ?"

గొర్రెల దొడ్డి చూపించాను. చుట్టూ ఎత్తుగా రాతి స్తంభాలు, మేము కూసాలంటాం, పాతి ఉన్నాయి, మీద కప్పు లేదు. ప్రసాద్ టేపు పెట్టి కొలిచాడు, ఆఫీసుకు ఫోను చేశాడు, గొణిగాడు, ఒప్పుకున్నాడు. మరుసటి రోజు దిమ్మెలు దించి ప్లేట్లు దొడ్డి మీద బిగించారు. గొర్రెలకు నీడ.

"మాకంటే ముందు వాటికి పట్టింది అదృష్టం" అన్నాడు తిరుపతయ్య. నా మీద కోపం అప్పటికి సగం తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది, ఉండాల్సిందే.

బిడ్డను ఆ రాత్రి నుంచే వెనక గదిలో పడుకోబెట్టారు, ఏసీ కూడా అక్కడే బిగించారు. నాలుగు రోజుల్లో చెమటకాయలు మాడిపోయాయి.

దూలం దించిన రోజు ప్రసాద్ కూడా వచ్చాడు. తాళ్లు కట్టి లాగితే దూలం బయటికి వచ్చింది. తల రాలేదు. గోడ కంతలో చెయ్యి పెట్టి శ్రీను బయటికి తీసింది రెండు పిడికిళ్ల పొడి. అది చేతిలో పట్టుకుని ఉయ్యాల కొక్కెం వైపు చూసి, దొడ్డి వైపు పోయాడు.

ఆ మంగళవారమే కూలేదా అని అడుగుతారు. నాకు తెలియదు. ఆ దూలం ఇంకో పదేళ్లు నిలిచేదేమో కూడా. తెలియనప్పుడు బిడ్డను ముందు బయటికి తేవాలి, వాదన తర్వాత పెట్టుకోవాలి. ప్రసాద్ ఇప్పుడు పాత మిద్దె ఎక్కే ముందు నాకు ఫోను చేస్తాడు. "తాతా, మూడు వరసలు, మేకు వంగింది" అంటాడు. "వంటిల్లు చూసినావా?" అంటాను. "చూసినా" అంటాడు. ఆ పిల్లవాడు నాకంటే బాగా చేస్తాడు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల పేర్లు రాసి ముగిస్తాను. ఇంటి పరీక్ష అంటే ఇటుకల లెక్క కాదు, ఈ పేర్ల లెక్క.

మిద్దె మీద: శ్రీను, పక్కింటి గురవయ్య, ప్రసాద్, అతని మనుషులు బాలయ్య, మస్తాను, యేసుదాసు, చిన్న కోటయ్య. మిద్దె కింద: రవణమ్మ, సుబ్బులు. మందతో వచ్చినవాడు తిరుపతయ్య. నిచ్చెన మీద నేను, ముసలి మేస్త్రి కాశయ్యను. ఇది రాసే రోజుకు అందరూ బాగున్నారు.

ఉయ్యాలలో ఉన్న బిడ్డకు ఆ రోజుకు ఇంకా పేరు పెట్టలేదు. ఇప్పుడు హర్షిత.